ఆరో నంబరు బోల్టు

ఆ రాత తనదే. అల్యూమినియం మీద సూదిమొనతో గీకిన తేదీ, దాని కింద చిన్న సున్నా, సున్నా మధ్యలో చుక్క, మూసిన ప్రతి ఇంజిన్‌లోనూ తను పెట్టే గుర్తు. ఏడంకెకి నడుం దగ్గర అడ్డగీత పెట్టడం చిన్నప్పుడు లెక్కల మాస్టారు వేళ్ళ మీద కొట్టి నేర్పిన అలవాటు, ఇప్పటికీ పోలేదు, సరుకుల చీటీ మీద కూడా అలాగే పెడతాడు, పెళ్ళాం నవ్వుతుంది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఏడు అలాగే ఉంది, అడ్డగీతతో సహా. పన్నెండేళ్ళు వేడి నూనెలో మునిగి కూడా చెక్కు చెదరలేదు. రెండు చేతులతో పట్టుకున్న ఆయిల్ చాంబరు, ఇంజిన్ అడుగున నూనె నిలిచే ఆ తొట్టి, ఉన్నట్టుండి బరువెక్కినట్టయితే బల్ల మీద పెట్టేశాడు. తల పైన లిఫ్టు మీద ఆ ముదురు నీలం కారు కడుపు తెరుచుకుని ఉంది, లోపల మిగిలిన నూనె కింద పళ్ళెంలోకి పడుతోంది, టప్, కాసేపాగి మళ్ళీ టప్. తొట్టి అంచు వెంబడి, నూనె కారకుండా అతుకులో రాసే నారింజ రంగు గమ్ము, చిటికెనవేలంత లావున, లోపలికి పొంగి, అక్కడక్కడ ఊడిపోయి ఉంది. ఊడిన ముక్కలు ఎక్కడికి పోయాయో వెతకక్కర్లేదు. నూనెని పైకి పీల్చే గొట్టం మూతికి ఉండే జల్లెడలో ఇరుక్కున్నాయి, సగం కన్నాలు మూసుకుపోయాయి.  షెడ్డులో తనొక్కడే.

గంటలో చెప్తానన్నాడు పళ్ళ డాక్టరమ్మకి. ఆవిడ పొద్దున్నే వచ్చింది, పదేళ్ళుగా ఈ కారు మీదే కన్నట, కొత్తది కొనే తాహతు లేదు, పాతదైనా సరే ఇదే కావాలి, ఇంట్లో అందరూ పిచ్చి అన్నారు, పిచ్చే మాస్టారూ అని తనే ఒప్పుకుంది. పాత స్పోర్ట్సు కార్లు కొనేవాళ్ళ తరఫున ముందు ఇంజిన్ చూసిపెట్టడం ఇప్పుడతని పని. అమ్మేవాళ్ళ వేషాలన్నీ అతనికి తెలుసు. చూడ్డానికి వచ్చేలోగా అరగంట ఇంజిన్ నడిపి వేడిచేసి ఉంచుతారు, ఎందుకంటే చల్లటి ఇంజినే నిజం మాట్లాడుతుంది, నిద్రలేచిన మొహం చూస్తేనే కదా మనిషి సంగతి తెలిసేది. అందుకే కారుని నిన్న సాయంత్రమే తెప్పించి షెడ్డులో పెట్టించుకున్నాడు. పొద్దున తాళం తిప్పితే రెండు క్షణాలు గొలుసు గలగలమని ఊరుకుంది, అది పరవాలేదు, వయసుకి తగ్గ చప్పుడే. తోక గొట్టాల మసి రెండు వైపులా సమానంగా ఉంది, అదీ మంచిదే. నూనె పుల్ల తీసి వేళ్ళ మధ్య రాసి చూస్తే మాత్రం తేనెలా సాగింది. గట్టి నూనె పోస్తే లోపలి మోకాళ్ళ నొప్పులు బయటికి వినపడవు. పోసినవాడు అమాయకుడైనా కావాలి, గడుసువాడైనా కావాలి అన్నాడు. డాక్టరమ్మ నవ్వి, ప్లగ్గు కన్నంలోంచి లోపలికి కెమెరా దించి చూస్తుంటే పక్కన వంగి, ఇది మా పనే మాస్టారూ, మా వాటికి మత్తుమందు కావాలి అంతే తేడా అంది. అప్పటికి ఎంత హాయిగా ఉంది. రెండు గంటలు కూడా కాలేదు.

నూనె ఫిల్టరు కోసి, లోపలి కాగితం మడతలు విప్పి తెల్లగుడ్డ మీద పరిచినప్పుడు మొదటి దెబ్బ తగిలింది. మడతల్లో రాగి రంగు మెరుపు, పండగ బట్టల మీద రాలిన తళుకులా కనీకనపడకుండా, ఆ మెరుపు మధ్య ఆవగింజంత నారింజ రంగు ముక్క. రాగి కనపడిందంటే కింద బేరింగు పైపొర అరిగి లోపొర రాలుతోందని అర్థం. ఆ ముక్క చూసి ఏమన్నాడు తను? పెద్ద గొంతుతో, డాక్టరమ్మ వినేట్టు, ఎవడో చేతగానివాడమ్మా, గమ్ము గుమ్మరించి పోయాడు అన్నాడు. గుమ్మరించి పోయాడు. ఆవిడ కూడా తలూపి, మా దగ్గరా అంతే మాస్టారూ, క్యాపు పెట్టేటప్పుడు సిమెంటు ఎక్కువ పెట్టేస్తారు కొందరు, అది చిగురు కిందకి పోయి కూర్చుంటుంది, పేషెంటు ఏడాది తర్వాత వాచిన మొహంతో వస్తాడు, చేసినవాడు హాయిగా ఇంకొకడికి పెడుతూ ఉంటాడు అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. తను కూడా నవ్వాడు. అడుగు తొట్టి దించి చూడాలంటే అమ్మే పెద్దమనిషి ఫోనులో, చూసుకోండి, నా బండి బంగారం, ఆదివారం తప్ప తీయలేదు అన్నాడు. డాక్టరమ్మ గడియారం చూసుకుని, ఒక పన్ను పీకాలి, ఒకదానికి క్యాపు పెట్టాలి, గంటలో ఫోను చేస్తా అని వెళ్ళిపోయింది. ఆవిడ కారు మలుపు తిరిగిందో లేదో అతను బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. తొట్టి రానని మొరాయించింది, గమ్ము అంత గట్టిగా పట్టుకుంది, పలుగుతో నాలుగు వైపులా లేపాల్సి వచ్చింది, ఎవడ్రా నువ్వు అని నవ్వుతూనే తిట్టాడు.

గమ్ము ఎంత రాయాలో కంపెనీ పుస్తకంలో ఏముందో అతనికి కంఠతా వచ్చు. అగ్గిపుల్ల మందాన ఒక్క గీత, అంతే, మించకూడదు. కానీ ఈ రకం ఇంజిన్లకి అడుగు జాయింటులో నూనె చెమర్చడం పుట్టుకతో వచ్చిన జబ్బు. చెమర్చిన చుక్క వాకిట్లో మరకవుతుంది, మరక చూసి కస్టమరు ఫోను చేస్తాడు, అద్దం మేస్త్రీ చేసిన పని కూడా కారుతుందా అంటాడు. ఆ మాట పడకూడదు. అద్దం మేస్త్రీ అని ఊరికే రాలేదు పేరు, అతను మూసిన ఇంజిన్లో మొహం చూసుకోవచ్చని అప్పట్లో తను పనిచేసిన పెద్ద వర్క్‌షాపులో అందరూ అనేవాళ్ళు, పక్క షాపులవాళ్ళు కొత్తగా చేరినవాళ్ళని తీసుకొచ్చి చూపించేవాళ్ళు. అందుకని అగ్గిపుల్ల కాస్తా పెన్సిలయింది, పెన్సిలు చిటికెనవేలయింది. బోల్టులు బిగిస్తే బయటికి పొంగిన గమ్ముని వేలితో ఒక్క లాగు లాగేవాడు, స్కేలు పెట్టి గీసినట్టు వచ్చేది. ఎక్కువైతే నష్టమేముంది, తక్కువైతే కదా కారేది అనేవాడు. రెండు రొట్టెముక్కల మధ్య వెన్న రాసి నొక్కితే నాలుగు వైపులా వస్తుందని తినేవాడికెవడికైనా తెలుసు. బయటికి ఎంత వచ్చిందో లోపలికీ అంతే వస్తుంది. లోపల తుడిచే వేలు లేదు. ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉన్నవాడికి ఆ మాత్రం తట్టలేదా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే ఏం చెప్తాడు? తట్టలేదు. తట్టనివ్వలేదేమో. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అని భార్య ఎన్నిసార్లు అందో, ఏదో కూర ఉప్పు గురించో, దారి తప్పినప్పుడో. ఇంజిన్ల విషయంలో మాత్రం ఎవరూ అనలేదు. అనగలిగినవాడు ఒక్కడే ఉండేవాడు.

తేదీ మళ్ళీ చూశాడు. చూడక్కర్లేదు, తెలుసు. ఆ నెల. అదే నెల. ఆ నెలలోనే ఇంకో ఇంజిన్ మూశాడు, ఇదే రకం, ఇదే గమ్ము, బహుశా ఇదే ట్యూబు, ఆ ట్యూబు తోక దగ్గర్నుంచి పళ్ళపేస్టులా చుట్టుకుంటూ వచ్చేవాడు, సగం దీనికి పోసుంటాడు, సగం దానికి. ఆ ఇంజిన్ని పూర్తిగా విప్పి కట్టారు ఇద్దరూ, తనూ, బావమరిదీ. భార్య తమ్ముడు. గడియారాలు బాగుచేసే కొట్లోంచి వచ్చి చేరినవాడు, వేళ్ళు అంత సుతారంగా ఉండేవి. లోపలి పని వాడిది, మూసే పని తనది. పిస్టన్ కడ్డీల కింద, బేరింగుల్ని పట్టి ఉంచే ఆరు మూతలు, మూతకి రెండు చొప్పున పన్నెండు బోల్టులు, ఎంత బిగించాలో అంతకే టిక్కుమనే పానాతో బిగించేవాడు. ఒక్కోటి బిగించగానే టిక్కుమంది బావా అని, బ్రష్షుతో బోల్టు తల మీద పసుపు పెయింటు చుక్క పెట్టేవాడు. చుక్క ఉంటే బిగించినట్టు, లేకపోతే ఇంకా బిగించాల్సి ఉన్నట్టు. ప్రతిదానికీ నాకు చెప్పాలా, నీ పెళ్ళికి కూడా టిక్కుమందని చెప్పావా అని వాడిని ఏడిపించేవాడు. ఆ రోజు పన్నెండుసార్లు విన్నాడా? ఇప్పుడు కళ్ళు మూసుకుని లెక్కపెట్టుకుంటే ఏడు దాకా వస్తుంది, తర్వాత ఎవరో టీ తెచ్చారు, లేదా ఫోను మోగింది, గ్లాసుల చప్పుడు మాత్రం జ్ఞాపకం ఉంది. మూడో రోజు ఆ కారు పెద్ద రోడ్డు మీద, రేసుల పిచ్చి ఉన్న ఆ ఓనరు పూర్తిగా తొక్కి వెళ్తుండగా, ఇంజిన్ పక్క గోడ పగలగొట్టుకుని కడ్డీ బయటికొచ్చింది. కారు గిర్రున తిరిగి గోడకి కొట్టుకుంది. ఓనరు కాలు రెండుచోట్ల విరిగింది.

ఆ ఇంజిన్ని విప్పింది తనే. వర్క్‌షాపు యజమాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఓనరు తాలూకు వాళ్ళు ఇద్దరు నిలబడ్డారు, బావమరిది గుమ్మం దగ్గర, లోపలికి రావాలా వద్దా అన్నట్టు. తను ఏం చేశాడు? ముందు కడిగాడు. మురికి ఇంజిన్ని చూడ్డం అద్దం మేస్త్రీకి చేతకాదు. తొట్టినీ, జల్లెడనీ, విరిగిన ముక్కల్నీ, అన్నిటినీ కిరోసిన్ డ్రమ్ములో ముంచి, గాలి గొట్టంతో బుస్సుమని ఊది, తెల్లగుడ్డ మీద వరసగా పేర్చాడు. తర్వాత చూశాడు. అంతకుముందు చూడలేదు. ఆరో నంబరు మూత బోల్టు, తల తెగి తొట్టిలో పడింది, దాని మీద పసుపు చుక్క లేదు. మిగతా వాటి మీద ఉందా? కొన్నిటి మీద ఉంది, కొన్నిటి మీద చెరిగిన మచ్చలా ఉంది. తను ఆ ఒక్కటే తీసి అరచేతిలో పెట్టుకుని యజమానికి చూపించాడు. చుక్క లేదు, అన్నాడు. రెండే రెండు మాటలు. తిట్టలేదు, అరవలేదు, వేలెత్తి కూడా చూపలేదు. అందరి తలలూ గుమ్మం వైపు తిరిగాయి. బిగించాను బావా, అన్నాడు వాడు. తర్వాత బోల్టుని చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, బిగించే ఉంటాను అన్నాడు. ఆ రెండో మాట వినగానే యజమానికి నిశ్చయమైపోయింది. తనకి కూడా.

నూనె చుక్కల మధ్య ఎడం పెరిగింది. టప్. అతను లేచి లిఫ్టు కిందకి వెళ్ళి, దీపం పైకెత్తి పట్టుకున్నాడు. ఇంకా ఒక దారి ఉంది. ఈ ఇంజిన్లో అరిగింది ఆరోది కాకపోతే? మూడోదో, ఒకటోదో అయితే? అప్పుడు ఇది వేరే జబ్బు, గమ్ము ఉత్తినే అక్కడుంది, ఆ పాత సంగతికీ దీనికీ సంబంధం లేదు. ఇలా అనుకుంటున్నందుకు సిగ్గేసింది, అయినా అనుకున్నాడు. నూనె ముందు ఒకటో నంబరుకి చేరుతుంది, ఆఖరికి ఆరోదానికి. జల్లెడ మూసుకుపోతే ముందు ఎండిపోయేది పంక్తిలో చివర కూర్చున్నవాడే. ఈ కారు ఆదివారాలు మాత్రమే నెమ్మదిగా తిరిగింది కాబట్టి పన్నెండేళ్ళు బతికింది, ఆ కారు మూడు రోజుల్లో పోయింది. ఆరో మూత బోల్టులు రెండూ విప్పాడు. పానా రెండుసార్లు జారింది, ఇన్నేళ్ళలో జారినట్టు గుర్తు లేదు. మూత కిందికి దిగింది. చంద్రవంకలా ఉండే సగం బేరింగు అరచేతిలో పడింది. వెండి రంగులో ఉండాల్సినది నడుమంతా రాగి. గోటితో గీరితే రాలింది. ఒకటో నంబరు కూడా విప్పి చూశాడు, అది కొత్తదానిలా మెరుస్తోంది. అక్కడే పాత టైరు మీద కూర్చున్నాడు. ఎక్కడో పక్క వీధిలో ఎవరో గ్రైండరు మీద ఇనుము కోస్తున్నారు, ఆ చప్పుడు కాసేపు ఆగింది, మళ్ళీ మొదలైంది. వాడు బిగించాడు. వాడు ఆ బోల్టుని బిగించే ఉంచాడు. నూనె అందక బేరింగు పట్టేసి, కడ్డీ విరుచుకుపడితే బోల్టు తెగింది, ఎంత బిగించినా తెగేదే, దేవుడొచ్చి బిగించినా తెగేదే.

మరి పసుపు చుక్క? కిరోసిన్. కిరోసిన్లో నానబెట్టి, గాలితో ఊదింది ఎవరు? ఆ మాట తనే అడుక్కుని తనే జవాబు చెప్పుకుని, ఇది కూడానా అని నెత్తి పట్టుకున్నాడు. గమ్ము పోసిందీ తనే, గమ్ము ఆనవాలు కడిగేసిందీ తనే, చుక్క చెరిపిందీ తనే, చుక్క లేదని చూపించిందీ తనే. ఇంత పని ఒక్క మనిషి చేతి మీదుగా జరిగితే దాన్ని పొరపాటు అనొచ్చా? వాడు ఆ వారమే మానేశాడు, మాన్పించారు. ఇంకో షాపులో చేరలేదు. అద్దం మేస్త్రీ స్వయానా బావ, ఆయనే చెప్పాడంటే నిజమే అయ్యుంటుంది కదా అని అందరూ అనుకున్నారు, ఎవరు చేర్చుకుంటారు. వాడు వెతుక్కోలేదు కూడా. ఊరి చివర మొక్కల నర్సరీ పెట్టుకున్నాడు, పెళ్ళామూ తనూ కుండీల్లో మట్టి నింపుతారు. ఎవరో దగ్గరివాళ్ళు అడిగితే, మొక్కని బిగించక్కర్లేదు కదా అన్నాడట నవ్వుతూ. ఆ మాట చెవిన పడ్డప్పుడు తను కూడా నవ్వాడు, వాడికి తగిన పనే దొరికింది అన్నాడు, అన్నాడు, భార్య ముందే అన్నాడు. ఆవిడ చేతిలో గిన్నె పెట్టేసి వెళ్ళిపోయింది. తమ్ముడి గురించి తన దగ్గర మాట్లాడ్డం ఆ రోజుతో మానేసింది. పెళ్ళిళ్ళలో కలుస్తారు, దూరం నుంచి తలూపుకుంటారు. వాడు తనకి కనపడకుండా చేతులు వెనక్కి పెట్టుకుంటాడని ఎప్పుడో గమనించాడు. మట్టి మరకలు కాబోలు అనుకున్నాడు.

ఫోను మోగింది, ఉలిక్కిపడ్డాడు. డాక్టరమ్మ. "మాస్టారూ, పన్ను పీకేశాను. మన పేషెంటు ఎలా ఉంది?"

"వద్దమ్మా," అన్నాడు. 

"అయ్యో. అంత చెడిపోయిందా?"

"కింద బేరింగులు పోతున్నాయి. కొనొద్దు."

"ఆ గమ్ము వల్లేనా?"

"ఆ."

"చూశారా, వాడెవడో మహానుభావుడు. పేరు తెలిస్తే చెప్పండి మాస్టారూ, జన్మలో వాడి గుమ్మం తొక్కను," అని నిట్టూర్చి, సాయంత్రం వచ్చి మాట్లాడతానని పెట్టేసింది. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాడు. ఊరుకోవడం ఎంత తేలికో అప్పుడు తెలిసొచ్చింది. డాక్టరమ్మ కారు కొనదు. అమ్మే పెద్దమనిషికి బేరింగులు మార్పించుకోమని చెప్తే సరి, కావాలంటే తనే మార్చిపెడతాడు. తొట్టి కిరోసిన్లో ముంచి ఊదితే అయిదు నిమిషాల పని. సూదిరాత మీద ఆకురాయి రెండుసార్లు ఆడిస్తే అదీ పోతుంది. కిరోసిన్ డ్రమ్ము అక్కడే ఉంది, మూత తీసే ఉంది, పొద్దున్నే తనే తీసి పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళు గడిచాయి. వాడి మొక్కలు బాగానే పెరుగుతున్నాయి, పిల్లలు చదువుకుంటున్నారు, ఇప్పుడు చెప్తే పోయిన పని తిరిగొస్తుందా? మానిన పుండు కెలకడం తప్ప. ఇలాంటి తెలివైన మాటలు ఎక్కడినుంచి వస్తాయో, అవసరానికి పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి. తొట్టిని రెండు చేతులతో ఎత్తాడు. డ్రమ్ము దాకా నాలుగడుగులు వేశాడు కూడా.

డ్రమ్ములోకి వంగి చూసినప్పుడు గుర్తొచ్చింది. అంతవరకూ గుర్తు లేదు, లేదా ఉందో. ఆ గొడవ అయిన వారానికి, బావమరిది మానేసి వెళ్ళిన తర్వాత, వర్క్‌షాపులో డ్రమ్ము ఖాళీ చేసి కొత్త కిరోసిన్ పోయడం తన వంతు వచ్చింది. వంచి పారబోశాడు. అడుగున నల్లటి మడ్డి, మడ్డిలో నారింజ రంగు ముక్కలు. గుప్పెడు ఉంటాయి. తను ఆగాడు. ఒక చేత్తో డ్రమ్ము అలా వంచి పట్టుకునే, ఆగాడు. ఎంతసేపు? నాలుగు ఊపిరులసేపు. ఏవో పాత గ్యాస్కెట్ల తుక్కు అనుకున్నాడు. పాత గ్యాస్కెట్లు నల్లగా ఉంటాయి, బూడిదరంగులో ఉంటాయి, నారింజ రంగు గమ్ము వాడేది ఆ షాపులో తనొక్కడే. తుక్కు అనుకుని, బకెట్టుడు నీళ్ళు కొట్టి కాలవలోకి తోసేసి, చీపురుతో ఊడ్చి, నేల అద్దంలా చేశాడు. ఆ నాలుగు ఊపిరుల్లో ఏముంది? తెలియదా తనకి? నిజంగా తెలియదా? తెలియలేదనే ఇన్నాళ్ళూ నమ్మాడు. ఇప్పుడు ఆ ముక్కలు కళ్ళ ముందు కడిగినంత స్పష్టంగా ఉన్నాయి, తెలియనివాడు అంతసేపు ఎందుకు ఆగుతాడు. అన్నం తిన్నాడు, నిద్రపోయాడు, మర్నాడు పనికి వెళ్ళాడు, పన్నెండేళ్ళు అద్దం మేస్త్రీ అని పిలిస్తే పలికాడు.  తొట్టిని డ్రమ్ములో ముంచలేదు. తీసుకెళ్ళి బల్ల మీద, ఎలా ఊడిందో అలాగే, మడ్డితోనే పెట్టాడు. మురికిగా ఉన్న వస్తువుని అలా వదిలేయడానికి చెయ్యి పీకింది, అయినా వదిలేశాడు.

డాక్టరమ్మకి సాయంత్రం చెప్పొచ్చు. అప్పట్లో మూసిన మిగతా ఇంజిన్ల వాళ్ళకీ వెతికి చెప్పాలి, ఎన్ని ఉన్నాయో, ఎన్ని చేతులు మారాయో. ముందు ఒకడున్నాడు. ఫోనులో వాడి నంబరు ఉంది, కొత్త ఫోను కొన్నప్పుడల్లా భార్య ఎక్కించి ఇచ్చేది, తను ఎప్పుడూ నొక్కలేదు. ఏమని మొదలుపెట్టాలి? ఎలా ఉన్నావురా అనా? పన్నెండేళ్ళ తర్వాత ఎలా ఉన్నావని అడగడానికి ఎంత ధైర్యం కావాలి. తిడతాడు. తిట్టనీ. అక్క మొహం చూసి ఊరుకున్నాను గానీ అని మొదలుపెట్టి కడిగేస్తాడు, కడగనీ. అసలు వాడికి ఎప్పుడో తెలిసే ఉంటుంది, అంత తెలివైనవాడు, ఎక్కడో ఆలోచించి పట్టేసే ఉంటాడు, తెలిసే కడుపులో పెట్టుకున్నాడు, తనని చూసి చేతులు వెనక్కి పెట్టుకునేది కొట్టకుండా ఆపుకోవడానికేనేమో. అలా అయితే కాస్త నయం. నొక్కాడు. నాలుగుసార్లు మోగింది.

"ఆ, చెప్పండి, ఏ మొక్కలు కావాలి?"

"నేనురా."

అవతల నీళ్ళ గొట్టం పారుతున్న చప్పుడు. "అక్క బాగానే ఉందా?" అన్నాడు వాడు, గొంతు మారిపోయింది.

"బాగుంది, దానికేం. నీకే ఒక మాట చెప్పాలి." మెత్తగా ఎలా చెప్పాలో తెలియలేదు. "నువ్వు బిగించావురా. ఆ ఆరో నంబరు బోల్టు. నువ్వు సరిగ్గానే బిగించావు. పోయింది నా గమ్ము వల్ల. లోపలికి పొంగి జల్లెడ మూసేసింది, నూనె అందలేదు. అదే నెలలో నేను మూసిన ఇంజిన్ ఇంకొకటి ఇవాళ విప్పాను, అందులోనూ ఆరోదే పోతోంది. నా ముందే ఉంది. నీ చుక్క నేను కడిగినప్పుడు పోయుంటుంది. తప్పు నాదిరా. మొత్తం నాదే."

 తిట్టు కోసం చెవి పెట్టి ఎదురుచూశాడు. ఒరే, వింటున్నావా అన్నాడు. ఫోను ఎక్కడో ఇటుక మీదో కుండీ మీదో పెట్టిన శబ్దం. తర్వాత వాడి గొంతు, దూరంగా, తనతో కాదు.

"ఏమే! ఏమే, ఇటు రా! బిగించానంట!"

"ఏంటండీ, ఏమైంది? ఏం బిగించారు?"

"బోల్టే! ఆరోది! నేను మర్చిపోలేదంట, బిగించే ఉన్నానంట, నా చేతులదేం తప్పు లేదంట!" ఆ గొంతు మధ్యలో విరిగిపోయింది, నవ్వో ఏడుపో తెలియలేదు. "ఎవరో కాదే, బావే చెప్పాడు. మా బావే చెప్పాడు!"

వాడికి తెలియదు. ఏమీ తెలియదు. పన్నెండేళ్ళూ తన మాటే నమ్మాడు, తన చేతుల్ని నమ్మకుండా. ఇప్పుడూ తన మాటే నమ్ముతున్నాడు. అవతల వాడి పెళ్ళాం ఏదో అంటోంది, వాడు మళ్ళీ మొదటినుంచి చెప్తున్నాడు, బిగించానంట, బిగించానంట అని, నీళ్ళు కట్టేసే ధ్యాస కూడా ఎవరికీ లేదు. డ్రమ్ము అడుగున చూసిన ముక్కల సంగతి ఇంకా చెప్పలేదు. అది కూడా చెప్పాలి. ఫోను చెవి దగ్గర పట్టుకుని, వాడు తిరిగి రావడం కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.